కార్తీకంలోపు తేలే దారి

శ్రీకాకుళంలో ఎవరినైనా ఆపి "నాగావళికి ఎలా వెళ్ళాలండీ?" అని అడిగి చూడండి, మిమ్మల్ని వింతగా చూస్తారు. ఊరు ఏటికి అటూ ఇటూ ఉంది. బజారుకెళ్ళినా, ఆస్పత్రికెళ్ళినా, బంధువులింటికెళ్ళినా రోజులో ఒక్కసారైనా వంతెన దాటాల్సిందే. వంతెన చూపిస్తారు, గుడివీధి చూపిస్తారు, కోటేశ్వరస్వామి గుడి దగ్గర రేవు చూపిస్తారు. సాయంత్రం పూట అమ్మనో తాతయ్యనో వెంటబెట్టుకుని నడిచి వెళ్ళి, ఒడ్డున కాసేపు కూర్చుని రావడానికి దారేదంటే మాత్రం ఆలోచనలో పడతారు. నదిని వంతెన మీంచి చూడొచ్చు, నది దగ్గరికి వెళ్ళడం వేరే సంగతి.

నడిస్తే దూరం ఏమీ లేదు. నది పక్క పేటల నుంచి మహా అయితే పది నిమిషాలు. అందులో ఆఖరి రెండు నిమిషాలతోనే చిక్కంతా. వీధి అయిపోతుంది, దాంతోపాటు సిమెంటూ అయిపోతుంది. ఊళ్ళో మురుగు మోసుకొచ్చిన కాలువ మన పక్కనే దిగుతూ ఉంటుంది. చెత్త దాటాలి, ముళ్ళకంప తప్పించుకోవాలి, జారుడు మట్టి గట్టు దిగాలి. కుర్రాళ్ళకి అదో లెక్క కాదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి, చేతిలో దీపాల పళ్ళెం పట్టుకున్న ఆడవాళ్ళకి, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళకి ఆ రెండు నిమిషాలే నదికీ ఊరికీ మధ్య గోడ.

నది ఒడ్డున పార్కు కావాలన్న మాట ఈ ఊళ్ళో కొత్తది కాదు. పార్కు సంగతి తర్వాత, ముందు అక్కడిదాకా వెళ్ళే దారి సంగతి చూడాలని నాకనిపిస్తుంది. ఎందుకంటే పార్కులో బెంచీ మునిగితే మళ్ళీ వేసుకోవచ్చు. దారి తప్పుగా వేస్తే ప్రాణాల మీదికొస్తుంది.

మా వైపు "వరద వచ్చింది" అని పేపర్లో రాస్తారు గానీ ఇళ్ళల్లో "ఏరొచ్చింది" అంటారు. చుట్టం వచ్చినట్టు. ఏరొచ్చిందంటే చూడ్డానికి వెళ్ళాలి. గొడుగులేసుకుని, పిల్లల్ని చంకనేసుకుని, వంతెన దగ్గర జనం. ఎర్రటి నీళ్ళలో అరటి బోదెలు, గుర్రపుడెక్క మోపులు, ఒక్కోసారి వేళ్ళతో సహా చెట్లు కొట్టుకుపోతుంటే అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తారు. నాలుగు రోజులకి "ఏరు తీసింది" అంటారు. వచ్చిందీ తీసిందీ రెండూ మామూలు మాటలే. ఆ రెండు మాటల మధ్య ఉన్న నాలుగు రోజులు, ఆ తర్వాత మిగిలే బురదా కలిపి ఆలోచించి కట్టిన దారి ఉంటే, అది ఈ నదికి తగిన దారి.

నాగావళిది పెద్ద ప్రయాణమేమీ కాదు. ఒడిశా కలహండి జిల్లాలో లఖ్‌బహల్ దగ్గర కొండల్లో పుట్టి, 256 కిలోమీటర్లు నడిచి, శ్రీకాకుళం దాటగానే కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అందులో 161 కిలోమీటర్లు ఒడిశాలో, 95 మనవైపు. బలరాముడు నాగలితో గీసిన చాలులోంచి పారిందని కథ, అందుకే లాంగుల్య అని ఇంకో పేరు. రాయగడ దగ్గర పాయకపాడు, కొమరాడ మండలంలో గుంప, వంగర మండలంలో సంగాం, శ్రీకాకుళం, కళ్ళేపల్లి, ఈ అయిదు చోట్లా ఆయనే శివలింగాలు ప్రతిష్ఠించాడంటారు. గుంప దగ్గర జంఝావతి వచ్చి కలుస్తుంది. ఇప్పుడు విజయనగరం జిల్లాలోకి వచ్చిన సంగాం దగ్గర సువర్ణముఖి, వేగావతి కలుస్తాయి. అంటే శివరాత్రికి జనం మునిగే చోట్లలో రెండు ఏరులు కలిసే చోట్లే. శ్రీకాకుళానికి చేరే నీళ్ళు ఒక్క నదివి కావని దీన్నిబట్టే తెలుస్తుంది.

పుట్టేది కొండల్లో, పారేది కొద్ది దూరం. కాబట్టి నీళ్ళు గబుక్కున వస్తాయి. శ్రీకాకుళంలో ఎండ కాస్తుండగానే ఏరు పెరగొచ్చు. వాన రాయగడలో పడి ఉంటుంది. 2017 జులైలో ఒక్క వానకి పైన తెరుబలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య నాగావళి మీదున్న రైలు వంతెనే కొట్టుకుపోయింది. మనవైపు తోటపల్లి బ్యారేజీ గేట్లు ఎత్తితే ఒక లెక్క, సువర్ణముఖి మీద మడ్డువలస గేట్లు కూడా ఎత్తితే ఇంకో లెక్క. తుఫాను రోజైతే కింద సముద్రం పోటు మీద ఉండి నీళ్ళు తీసుకోదు. పైనుంచి తోపు, కిందినుంచి అడ్డు, మధ్యలో ఊరు.

ఇలాంటి నది పక్కన మన ఊళ్ళల్లో సాధారణంగా ఏం కడతారో అందరికీ తెలుసు. ముందు పేరు రాసిన ఆర్చీ. దాని తర్వాత ఎరుపూ పసుపూ పేవర్ టైల్స్, స్టీలు రెయిలింగు, గుండ్రటి గ్లోబు దీపాలు, ఓ ఫౌంటెను. ఫోటోకి బాగుంటుంది. ఇందులో ప్రతిదాన్నీ ఏరు ఎలా పట్టుకుంటుందో ఒకసారి చూద్దాం.

పేవర్ టైల్స్‌ని ఇసుక మీద పరుస్తారు, సందుల్లోనూ ఇసుకే. నిలబడిన నీళ్ళు వాటినేమీ చెయ్యవు. పారే నీళ్ళు మాత్రం ముందు సందుల్లో ఇసుక లాగేస్తాయి, తర్వాత కిందది. ఒక టైలు కదిలిందంటే పక్కదానికి పట్టు పోతుంది. ఏరు తీశాక చూస్తే దారి పళ్ళూడిన నోరులా ఉంటుంది. స్టీలు రెయిలింగు మనుషులు పడకుండా పెట్టిందే, కాకపోతే ఏటికి అది వల. గుర్రపుడెక్క, కొమ్మలు, ప్లాస్టిక్ అన్నీ దానికి చుట్టుకుంటాయి. ఊచల మధ్య ఖాళీ మూసుకుపోయాక అది గోడ. గోడ మీద ఉన్నంత తోపు దాని మీదా ఉంటుంది, ఆ తోపుకి తగ్గ పునాది దానికి ఉండదు. ఊడిపోతూ కింద స్లాబు ముక్క కూడా పట్టుకుపోతుంది. గ్లోబు దీపాల సంగతి చెప్పక్కర్లేదు. స్తంభం మొదట్లో మోకాలెత్తున కరెంటు పెట్టె ఉంటే నీళ్ళకన్నా ముందు అదే చంపుతుంది.

"అయితే ఎత్తుగా కట్టేస్తే పోలా?" అంటారు. అందరికీ ముందు తట్టేది ఇదే, ఎక్కువగా దెబ్బ తీసేదీ ఇదే. నది పొంగి పారే నేల మీద అడ్డంగా ఎత్తు దారి వేస్తే అది ఆనకట్ట అవుతుంది. నీళ్ళు ఒక పక్క ఎగదన్ని, దాని మీంచి పొర్లి, అవతలి పక్క కిందికి దూకుతాయి. దూకిన చోట సుడి తిరిగి నేలని తవ్వుతాయి. పల్లెటూళ్ళల్లో గెడ్డల మీద తెగిపోయిన చప్టాలు చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. నీళ్ళు వచ్చి కొట్టిన వైపు చెక్కుచెదరకుండా ఉంటుంది, దిగువ అంచు కింద మనిషి లోతు గొయ్యి ఉంటుంది. గొయ్యి పెరుగుతూ స్లాబు కిందికి పాకుతుంది, స్లాబు గాలిలో వేలాడి విరుగుతుంది. దారిని నీళ్ళు విరగ్గొట్టవు, దారి కింద మట్టిని తీసేస్తాయంతే.

డబ్బు లేక ఇలా కడతామనుకుంటే పొరపాటు. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ నగరం 2003లో న్యూఫార్మ్ దగ్గర నది మీద తేలే కాలిబాట వేసింది. నీళ్ళు పెరిగితే దారీ పైకి లేస్తుంది, ఎంత తెలివైన ఆలోచనో చూడండి. 2011 జనవరి వరదలో అది తెగింది. దాదాపు 300 మీటర్ల ముక్క నది మధ్యలో తేలుతూ కిందికి పోతుంటే, అది వంతెన స్తంభాలకి గుద్దుకోకుండా ఓ చిన్న టగ్ బోటు దాన్ని ముక్కుతో నెట్టుకుంటూ సముద్రం వైపు తీసుకెళ్ళింది. తర్వాత 2014లో అదే చోట మళ్ళీ దారి కట్టారు, ఈసారి తేలేది కాదు, నది అడుగున రాతిలోకి దించిన స్తంభాల మీద. 7 కోట్ల 20 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు అయింది. అంత డబ్బు మనకి లేదు, అక్కర్లేదు కూడా. మన దారి నది మీద వెళ్ళాల్సిన పని లేదు.

మనకి దగ్గర పాఠం విజయవాడలో ఉంది. కృష్ణలంక దగ్గర రిటైనింగ్ వాల్ కట్టి, గోడకి నది వైపున పార్కు చేసి 2024 మార్చిలో తెరిచారు. ఆరు నెలలు తిరక్కుండా, సెప్టెంబరు మొదట్లో, ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. గోడ నిలబడింది, కృష్ణలంక ఇళ్ళు బతికాయి. నది వైపున్న పార్కు నీళ్ళలోకి పోయింది. కోట్లు పోసి కట్టింది మునిగిపోయిందని అప్పుడు చాలామంది ఎకసెక్కాలాడారు. నాకది అన్యాయమనిపించింది. గోడ పని మునగకపోవడం, పార్కు పని మునగడం. నదికి చోటిచ్చేది పార్కే కదా! అడగాల్సింది మునిగిందా అని కాదు, ఎన్నాళ్ళకి మళ్ళీ నడవనిచ్చారు, ఏమేం మార్చాల్సి వచ్చింది అని. అహ్మదాబాదులో సబర్మతి ఒడ్డున రెండంతస్తుల దారి ఉంది. పైనున్న డ్యాం నీళ్ళు వదిలితే కింది దారి మూసేస్తారు, మునుగుతుంది, కడిగి తెరుస్తారు. మా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కూడా ఎప్పటికీ పడిపోని సిస్టమ్ కడతానని చెప్పేవాడిని ఎవరూ నమ్మరు, పడితే ఎన్ని నిమిషాల్లో లేస్తుందో చెప్పమంటారు.

అయితే ఎన్నాళ్ళలో లేవాలి? ఇంజనీర్లు యాభై ఏళ్ళకొకసారి వచ్చే వరద, నూరేళ్ళకొకసారి వచ్చే వరద అని లెక్కలేస్తారు. వంతెనకి ఆ లెక్క కావాలి. ఈ కాలిబాటకి మాత్రం అంతకన్నా పనికొచ్చే లెక్క మన పంచాంగంలోనే ఉంది.

ఉత్తరాంధ్రని కొట్టిన పెద్ద తుఫాన్ల తేదీలు చూడండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12. తిత్లీ 2018 అక్టోబరు 11. గులాబ్ కొంచెం ముందు, 2021 సెప్టెంబరు 26. దసరా వెళ్ళీ వెళ్ళకుండానో, దానికి కాస్త ముందో. సరిగ్గా వీటి వెనకే దీపావళి, దీపావళి మర్నాటి నుంచి కార్తీకం. తెల్లవారుజామున చీకట్లో, ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు అరటి దొప్పల్లో దీపాలు పట్టుకుని ఏటికి దిగే నెల. ఏడాదిలో ఆ దారి మీద ఎక్కువమంది నడిచేది అప్పుడే, అదీ చీకట్లో. 2018లో తిత్లీకీ కార్తీకానికీ మధ్య నాలుగు వారాలు దొరికాయి. 2014లో హుద్‌హుద్ తర్వాత దీపావళి అక్టోబరు 23న, కార్తీకం 24న వచ్చాయి. పన్నెండు రోజులు, అంతే. పడిపోయిన చెట్లు, కరెంటు స్తంభాలు తీయడానికే ఊళ్ళకి చాలని రోజులవి.

కాబట్టి ఈ దారికి పరీక్ష ఇదీ: అక్టోబరు రెండో వారంలో ఏరొచ్చి మొత్తం మునిగితే, మున్సిపాలిటీ దగ్గరుండే మనుషులతో, ట్రాక్టరుతో, కొత్త టెండరు పిలవకుండా, కార్తీక మొదటి స్నానానికి అది తేలి ఉండాలి. ఈ ఒక్క షరతు పెట్టుకుంటే ఏ వస్తువు వాడాలో, ఏది వద్దో చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం దారి వాలు. ఇది డబ్బుతో పని కాదు, గీత గీసేటప్పుడు చూసుకోవాల్సింది. ఊరి వైపు ఎత్తు, నది వైపు పల్లం, మధ్యలో ఎక్కడా గుంట ఉండకూడదు. చెప్పడానికి తేలిక. కానీ నదుల పక్క నేల అలా ఉండదు. ఒడ్డున ఇసుక మేటలు వేసి కాస్త ఎత్తుగా ఉంటుంది, దాని వెనక పాత పాయో మురుగు కాలువో పోయే పల్లం ఉంటుంది, ఆ తర్వాత ఊరు. నీళ్ళు పెరిగితే ముందు ఆ వెనక పల్లంలోకి వస్తాయి. పార్కులో కూర్చున్నవాళ్ళకి ఎదురుగా నది ఇంకా ఒడ్డు దాటి ఉండదు, నిశ్చింతగా ఉంటారు, తిరిగి చూస్తే దారి ఉండదు. నదుల మధ్య ఇసుక లారీలు, పశువుల కాపరులు చిక్కుకుపోయారని ప్రతి వానాకాలం చదివే వార్తల్లో చాలావాటికి మూలం ఇదే, వెనక నుంచి నీళ్ళు. అందుకే ముందు మునిగేది దారి చివర కావాలి, మధ్య కాకూడదు. ఎక్కడ నిలబడినా ఊరి వైపు నడిస్తే ప్రతి అడుగూ పైకే వెళ్ళాలి. పల్లం తప్పనిసరైతే అక్కడ మట్టి పోసి ఎత్తు చెయ్యకుండా, నీళ్ళు కిందనుంచి పోయేలా వెడల్పాటి ఖానాలతో చిన్న వంతెన వెయ్యాలి. ఖర్చు పెట్టాల్సిన చోటు ఏదన్నా ఉంటే అదే.

మిగతా దారంతా నేలకి సమానంగా, ఏ ఎత్తూ లేకుండా పడుకుని ఉండాలి. నీళ్ళు దాని మీంచి పోవాలి, దాన్ని పట్టించుకోకుండా పోవాలి. టైల్స్ వద్దు, గరుకుగా చీపురు గీతలు గీసిన కాంక్రీటు స్లాబు చాలు. రెండు అంచుల్లోనూ స్లాబు కింద నుంచి నేలలోకి దిగిన గోడ ఉండాలి, సుడి తవ్వినా కిందికి పాకకుండా. దిగువ అంచున బరువైన రాతి కట్టడం. దానికి రాయి వెతుక్కోవక్కర్లేదు, మన జిల్లా టెక్కలి ప్రాంతం నీలి గ్రానైటుకి పేరు. నునుపు చేసి ఎగుమతి చేసేది కాదు, క్వారీల్లో పనికిరాదని పారేసే బండలు చాలు. నునుపు గ్రానైటు మెట్లకి అసలే వద్దు. ఒండ్రు పట్టిన నునుపు రాయి మీద తడి కాలు పెట్టి చూడండి.

ఏరు వచ్చేటప్పటికన్నా తీసేటప్పుడు గట్లు ఎక్కువ కూలతాయి, ఇది చాలామందికి తెలీదు. నాలుగు రోజులు నానిన మట్టి నీళ్ళు పీల్చుకుని బరువెక్కి ఉంటుంది. ఎదురుగా నది నీళ్ళు ఉన్నంతసేపు అవే దానికి ఆసరా. నది గబగబా దిగిపోతే ఆసరా పోతుంది, లోపలి నీళ్ళు బయటికి తోస్తాయి, గట్టు జారుతుంది. కాబట్టి రాతి కట్టడం వెనక కంకర, ముతక ఇసుక పొరలు, నీళ్ళు కారిపోవడానికి కన్నాలు ఉండాలి. వాలు మీద వట్టివేరు నాటితే రెండు మూడు మీటర్లు కిందికి వేళ్ళు దింపి మట్టిని పట్టుకుంటుంది. నీడకి కానుగ ఉంది, నాలుగు రోజులు నీళ్ళలో నిలబడ్డా దానికి కోపం రాదు. లాన్ అంటూ తెచ్చి పరిచే గడ్డి మాత్రం మొదటి ఒండ్రుకే చచ్చిపోతుంది.

రెయిలింగు అవసరమైన చోట, సాకెట్లలోంచి పీకి పక్కన పెట్టుకునే పొట్టి స్తంభాలు, వాటికి గొలుసు. ఏరొస్తుందన్న కబురు రాగానే ఇద్దరు మనుషులు తీసేయగలగాలి. అసలు వాలు మెల్లగా, పన్నెండడుగులకి ఒక అడుగు చొప్పున దిగితే చాలాచోట్ల రెయిలింగు అక్కర్లేదు, చక్రాల కుర్చీ కూడా దిగుతుంది. దీపాల స్విచ్చులు, ఫ్యూజులు అన్నీ ఊరి వైపు ఎత్తులో ఒకే చోట ఉండాలి, కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే ఆర్‌సీసీబీతో.

ఇక బురద. కట్టేవాళ్ళు మరిచిపోయేది, ఏటేటా ఖర్చయ్యేది ఇదే. అమెరికాలో మనవాళ్ళు బాగా ఉండే హ్యూస్టన్‌లో, బఫెలో బాయూ అనే వాగు వెంట పెద్ద పార్కు ఉంది, మునిగి లేచేలాగే కట్టింది. 2017 ఆగస్టులో హార్వే తుఫాను వచ్చినప్పుడు పైనున్న రిజర్వాయర్ల నీళ్ళు వదులుతూ ఉండటంతో వారాల తరబడి నీళ్ళలోనే ఉంది. నీళ్ళు తీశాక అక్కడి పెద్ద పని ఒండ్రు ఎత్తిపోయడమే. నాగావళి ఒండ్రూ అంతే. తడిగా ఉండగా పారతో, పంపు నీళ్ళతో పోతుంది. మూడు రోజులు ఎండ తగిలిందా, గునపం కావాలి. అందుకని దారి ట్రాక్టరు పట్టేంత వెడల్పు ఉండాలి, ఒడ్డునే పంపు బిగించే ఏర్పాటుండాలి, ఎత్తిన ఒండ్రు ఎక్కడ పొయ్యాలో ముందే అనుకుని ఉండాలి. ట్రాక్టరు పట్టేంత వెడల్పంటే ఇసుక బళ్ళకీ పడుతుందన్నమాట. దారి మొదట్లో తాళం వేసే స్తంభాలు లేకపోతే ఏడాదిలో అది ఇసుక రీచ్ రోడ్డు అవుతుంది. కాలిబాటని వరదకన్నా లారీ తొందరగా చంపుతుంది.

మురుగు కాలువ సంగతి మొదట్లో చెప్పి వదిలేశాను. దారి ఎంత బాగా వేసినా పక్కన అది అలాగే దిగుతుంటే ఎవరూ నడవరు. వేసవిలో నది ఇసుక తిన్నెల మధ్య సన్నటి పాయలై పోయినప్పుడు, రేవు దగ్గర పారేది నది ఎంతో మురుగెంతో చెప్పడం కష్టం. శుద్ధి చేసి వదలడం పెద్ద పని, దారి ఎస్టిమేట్లో ఇమిడేది కాదు. కానీ కాలువ నోరు స్నానాల రేవుకి ఎగువన ఉందా దిగువన ఉందా అన్నది మాత్రం దారి గీసేవాళ్ళ చేతిలో పని. ఇంకా ఆ ఒడ్డున ఇప్పటికే బతికేవాళ్ళున్నారు, బట్టలు ఉతికేవాళ్ళు, వలలు వేసేవాళ్ళు, గేదెల్ని తోలుకొచ్చేవాళ్ళు. పార్కు అనగానే ముందు వీళ్ళని కంచె బయట పెట్టడం మన అలవాటు. వాళ్ళు రోజూ నడిచే జాడలోనే దారి వెయ్యడం మంచిది. ఏ వాలు జారదో, ఎక్కడ నీళ్ళు ముందు వస్తాయో సర్వే పరికరం కన్నా వాళ్ళ కాళ్ళకి బాగా తెలుసు.

"సాయంత్రం షికారుకి ఇంత ఆలోచనా?" అనేవాళ్ళకి సగం న్యాయం ఉంది. ఇదే నది మీద, ఎగువన కొమరాడ మండలంలో, పూర్ణపాడు–లాబేసు వంతెన ఏళ్ళ తరబడి పూర్తికాలేదు. అవతలి గిరిజన గ్రామాలకి నాగావళి దాటడమంటే షికారు కాదు, ఆస్పత్రి, రేషను, బడి. ఏరొస్తే పడవా ఆగిపోతుంది. నా చేతిలో ఒకే చెక్కు ఉంటే ముందు అక్కడే ఇస్తాను, అందులో నాకు అనుమానం లేదు. శ్రీకాకుళం కాలిబాటకి ఆ చెక్కు అక్కర్లేదు కూడా. ఫౌంటెను, ఆర్చీ, గ్లోబు దీపాలు, రంగు టైల్స్ కొట్టేసి చూడండి, పైన చెప్పిన పనులకి చాలా డబ్బు అందులోంచే వస్తుంది. వచ్చేది ఫోటోకి పనికిరాని దారి. శంకుస్థాపనకి ఎవరూ ఎగబడరు, అదే అసలు ఇబ్బంది.

ఇంకొక్క సామాను మాత్రం కావాలి, అది మనిషి. తోటపల్లి, మడ్డువలస గేట్లు ఎత్తితే ఆ కబురు అధికారులకి, అక్కడినుంచి ఒడ్డు ఊళ్ళకి వస్తుంది. దారి మొదట్లో గేటు వేసి, గొలుసులు తీసి, చివరిదాకా ఒకసారి నడిచి ఎవరూ మిగల్లేదని చూసి రావాల్సిన మనిషికి అది ముందు చేరాలి. దారి పక్కన రాతి మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గీతలు గీస్తే చదువురానివాళ్ళు కూడా నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూసుకుంటారు. రంగుకి పెద్ద ఖర్చు లేదు. ఆ మనిషి జీతం మాత్రం ప్రతి నెలా ఇవ్వాలి, ఏరు రాని నెలల్లో కూడా. మనవాళ్ళు కట్టడానికి డబ్బు తేగలరు, ఇలాంటి జీతానికి తేవడంలోనే చేతులు ముడుచుకుంటారు.

పని ఎప్పుడు చెయ్యాలో నది ముందే చెప్పేసింది. సంక్రాంతి నుంచి రోహిణి కార్తె దాకా నాగావళి ఇసుకే ఇసుక, పునాది గోడలు నేలలోకి దింపడానికి అంతకన్నా మంచి రోజులుండవు. మృగశిర వచ్చేలోపు స్లాబు గట్టిపడి ఉండాలి. అంటే అంచనాలు, మట్టి పరీక్షలు, టెండరు అన్నీ దసరాకి మొదలై క్రిస్మస్‌కి పూర్తవ్వాలి. మార్చి ముప్ఫై ఒకటికి నిధులు మురిగిపోతాయని హడావుడిగా బిల్లు పెట్టి, జూన్‌లో పని మొదలుపెడితే, జులైలో ఏరొచ్చి కంకర పట్టుకుపోతుంది.